మాక్రోఫేజ్‌లను లేపింది తిప్పతీగా, దాంతో వచ్చిన బ్యాక్టీరియానా? ఒక కేస్ స్టడీ

ఒక ఫార్ములేషన్ టీమ్ మా ల్యాబ్‌కి తిప్పతీగ కాండం నీటి ఎక్స్‌ట్రాక్ట్ పంపింది. స్ప్రే డ్రై చేసిన లేత గోధుమరంగు పొడి, దాంతోపాటు అంతకుముందు ఇంకో ల్యాబ్ ఇచ్చిన రిపోర్టు. వాళ్లు అడిగింది ఒక్కటే: ఎలుక కణాల్లో వచ్చిన ఈ రిజల్ట్‌ని మనిషి రక్తకణాల్లో కూడా చూపించి పెట్టండి, తర్వాత జంతువుల మీద స్టడీకి వెళ్తాం అని. పైకి చూస్తే చిన్న పనే. ఆ రిపోర్టు చదివాక మాత్రం పని మొత్తం వేరే దారి పట్టింది. ఆ దారి గురించే రాస్తున్నాను, ఎందుకంటే మొక్కల ఎక్స్‌ట్రాక్టుల మీద ఇమ్యూన్ టెస్టులు చేసేవాళ్లలో చాలామంది సరిగ్గా ఇక్కడే ఆగకుండా ముందుకెళ్లిపోతుంటారు.

రిపోర్టులో ఉన్నది ఇది. రా 264.7 అనే ఎలుక మాక్రోఫేజ్ సెల్ లైన్ తీసుకున్నారు (మాక్రోఫేజ్ అంటే సూక్ష్మజీవులను మింగే రోగనిరోధక కణం). మిల్లీలీటరుకి 10, 30, 100 మైక్రోగ్రాముల చొప్పున పొడి కలిపి, 24 గంటలు ఉంచి, పైద్రవంలోకి టీఎన్‌ఎఫ్ ఆల్ఫా (ఈ కణాలు లేచినప్పుడు విడుదల చేసే సంకేత ప్రొటీన్, ఇలాంటివాటిని సైటోకైన్లు అంటారు) ఎంత వచ్చిందో ఎలైజా అనే యాంటీబాడీ టెస్టుతో కొలిచారు. పాజిటివ్ కంట్రోల్‌గా లైపోపాలీశాకరైడ్, అంటే అందరం ఎల్‌పీఎస్ అని పిలిచేది, పెట్టారు. మూడు డోసుల్లోనూ టీఎన్‌ఎఫ్ దాదాపు ఎల్‌పీఎస్ బార్ ఎత్తుకి లేచింది. కణాలు బతికున్నాయో లేదో చూసే ఎమ్‌టీటీ టెస్టులో కణాలేమీ చావలేదు, పైగా ఏమీ కలపని కంట్రోల్ కంటే కాస్త ఎక్కువే బతికి ఉన్నట్టు చూపించింది. కాబట్టి ఇది మంచి ఇమ్యునోస్టిమ్యులెంట్ అని తేల్చేశారు.

నాకు రెండు చోట్ల కన్ను ఆగింది. మూడు డోసులకీ బార్లు ఒకే ఎత్తులో ఉన్నాయి. డోసు పదిరెట్లు పెరిగితే ఎక్కడో ఒకచోట మెట్టు కనిపించాలి కదా, కనిపించలేదంటే అన్నిటికంటే తక్కువ డోసులోనే రెస్పాన్స్ పైకప్పుకి తగిలేసిందని అర్థం. ముడి ఎక్స్‌ట్రాక్ట్‌లో ఉన్న మొక్క పదార్థం అంత పవర్‌ఫుల్‌గా ఉండటం అసాధ్యమని అనను గానీ, చాలా అరుదు. ఇక రెండోది, రిపోర్టు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎక్కడా ఎండోటాక్సిన్ అన్న ఊసే లేదు.

అనుమానం ఎల్‌పీఎస్ మీదికే ఎందుకు పోయిందంటే

ఎండోటాక్సిన్ అంటే ఎల్‌పీఎస్సే. గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా బయటి పొరలో ఉంటుంది. మన కణాలు దాన్ని టీఎల్‌ఆర్4 అనే రిసెప్టర్‌తో పసిగడతాయి. ఎల్‌పీఎస్ ఎంత ఇచ్చినా సరిగ్గా స్పందించని ఒక ఎలుకల జాతిలో ఏ జీను చెడిందో వెతుక్కుంటూ వెళ్లి బ్రూస్ బ్యూట్లర్ బృందం 1998లో ఈ సంగతి తేల్చింది, 2011లో ఆయనకి నోబెల్‌లో భాగం కూడా దక్కింది. నేలలో పెరిగే ఏ మొక్కకైనా బ్యాక్టీరియా తప్పదు. తొక్క మీద ఉంటాయి, కాండం లోపల ఎండోఫైట్లుగా ఉంటాయి, కోశాక ఆరబెట్టేటప్పుడు తేమ సరిగ్గా పోకపోతే ఇంకా పెరుగుతాయి. మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది, దాని ఎల్‌పీఎస్ మాత్రం చెక్కుచెదరదు. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల మామూలు సైకిల్‌కి కూడా నమ్మకంగా పోదు. గాజుసామాను మీదది వదిలించాలంటేనే 250 డిగ్రీల పొడి వేడి అరగంట ఇస్తాం. 0.22 మైక్రాన్ల ఫిల్టర్ బ్యాక్టీరియాను ఆపుతుంది, ఎల్‌పీఎస్ అందులోంచి జారిపోతుంది. ఇంకో తలనొప్పి ఏంటంటే, నీటి ఎక్స్‌ట్రాక్ట్‌లో ఆల్కహాల్ పోసి పాలీశాకరైడ్లను, అంటే పొడవాటి చక్కెర గొలుసులను, కిందికి దింపితే ఎల్‌పీఎస్ కూడా వాటితోపాటే దిగుతుంది. పాలీశాకరైడ్ ఫ్రాక్షన్‌ని శుద్ధి చేసేకొద్దీ యాక్టివిటీ పెరిగింది అని రాస్తుంటారు చూడండి, ఆ వాక్యం మొక్కకి ఎంత సరిపోతుందో కల్మషానికీ అంతే సరిపోతుంది.

ఒక లెక్క వేద్దాం. పొడిలో మిల్లీగ్రాముకి 10 నానోగ్రాముల ఎల్‌పీఎస్ ఉందనుకోండి, అంటే బరువులో లక్షో వంతు. మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాముల డోసు వేస్తే ప్లేట్‌లోని వెల్‌లో మిల్లీలీటరుకి 1 నానోగ్రాము ఎల్‌పీఎస్ చేరుతుంది. రా కణాలకి అంత కూడా అక్కర్లేదు, అంతకంటే తక్కువకే టీఎన్‌ఎఫ్ కక్కడం మొదలుపెడతాయి. మొక్క పదార్థాలను విడదీసి కొలవడానికి పెట్టిన హెచ్‌పీఎల్‌సీలో ఈ లక్షో వంతు ఎవరికీ కనపడదు.

ఇదేమీ కొత్త అనుమానం కూడా కాదు. యూనివర్సిటీ ఆఫ్ మిసిసిపీ వాళ్లు 2008లోనే ఎకినేషియా, అమెరికన్ జిన్సెంగ్, అల్ఫాల్ఫా మొలకలు లాంటి, రోగనిరోధక శక్తి పెంచుతాయని పేరున్న 8 రకాల ఎక్స్‌ట్రాక్టులు తీసుకుని, ఎల్‌పీఎస్‌నీ బ్యాక్టీరియా లైపోప్రొటీన్లనీ పనిచేయకుండా చేస్తే మాక్రోఫేజ్‌లను లేపే యాక్టివిటీలో 85 నుంచి 98 శాతం పోయిందని చూపించారు. అంత స్పష్టంగా వచ్చాక కూడా ఎండోటాక్సిన్ కొలవకుండా మొక్క ఇమ్యూనిటీ పెంచిందని పేపర్లు వస్తూనే ఉన్నాయి. నా దృష్టిలో అది బద్ధకమే, వేరే పేరు పెట్టలేను.

ముందు పొడి సంగతి

కణాల జోలికి వెళ్లేముందు ఆ పొడి ఏంటో తెలియాలి. పొడి చేతికొస్తే అది ఏ మొక్కో కంటికి తెలియదు. తిప్పతీగకి టినోస్పోరా క్రిస్పా అనే దగ్గరి చుట్టం ఉంది, సేకరించేవాళ్లు రెండిటినీ కలిపేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అదే లాట్ ఎండు కాండం ముక్కలు పంపమన్నాం. అడ్డకోత తీసి మైక్రోస్కోప్ కింద చూశాం, ఏ పదార్థాలున్నాయో పట్టీల వరసగా చూపించే హెచ్‌పీటీఎల్‌సీ ఫింగర్‌ప్రింట్ తీశాం, క్రిస్పాలో ఉండే బోరాపెటోసైడ్‌లు ఉన్నాయేమో ప్రత్యేకంగా వెతికాం. లేవు, తిప్పతీగే. ఎండు మొక్కలు భద్రపరిచే హెర్బేరియంలో వోచర్ నమూనా పెట్టించమని చెప్పాం. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే చూపించడానికి అదొక్కటే ఆధారం. ఫార్మకాలజీ టెస్టులకి వాడే ఎక్స్‌ట్రాక్ట్ వివరాలు ఎలా ఇవ్వాలో 2022లో కాన్‌ఫైఎంపీ పేరుతో మార్గదర్శకాలు వచ్చాయి, ఈ పనిలో ఉన్నవాళ్లు ఒకసారి చూడటం మంచిది.

అసలు చిక్కు ఇంకోచోట దొరికింది. స్ప్రే డ్రై చేసేటప్పుడు పొడి అంటుకోకుండా మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం కలుపుతారు. వీళ్లూ కలిపారు, రిపోర్టులో మాత్రం ఆ మాట లేదు. అంటే 100 మైక్రోగ్రాములు అని రాసిన చోట మొక్క భాగం అంతకంటే తక్కువే. అంతకంటే పెద్ద విషయం, ఆ మాల్టోడెక్స్‌ట్రిన్‌లోనే కల్మషం ఉండొచ్చు. పెరిటోనియల్ డయాలిసిస్‌కి వాడే ఐకోడెక్స్‌ట్రిన్ ద్రవం కథ గుర్తుందా? 2002లో రోగులకి ఇన్‌ఫెక్షన్ లేకుండానే పెరిటోనైటిస్ వచ్చి బ్యాచ్‌లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఎండోటాక్సిన్ టెస్టు పాసైన ద్రవమే అది. అందులో ఉన్నది వేరే బ్యాక్టీరియా కణగోడ తాలూకు పెప్టిడోగ్లైకాన్. దాన్ని ఎండోటాక్సిన్ టెస్టు పట్టుకోదు, మనిషి రక్తకణాల్లో ఐఎల్-6 అనే సైటోకైన్ చూస్తే పట్టుబడుతుంది. అందుకని వాళ్లు వాడిన మాల్టోడెక్స్‌ట్రిన్‌ని విడిగా తెప్పించుకుని ప్రతి ప్లేట్‌లోనూ బ్లాంక్‌గా పెట్టాం.

కణాలు లేకుండానే ఊదారంగు

రిపోర్టులో కణాలు కంట్రోల్ కంటే ఎక్కువ బతికాయని ఉంది కదా, అది కూడా నమ్మబుద్ధి కాలేదు. ఎమ్‌టీటీ పసుపురంగు ద్రావణం. బతికున్న కణాల్లోని ఎంజైమ్‌లు దాన్ని క్షయకరణం చేస్తే ఊదారంగు ఫార్మజాన్ స్ఫటికాలు వస్తాయి, దాన్ని 570 నానోమీటర్ల దగ్గర చదువుతాం. మొక్కల్లోని ఫినోలిక్ పదార్థాలు ఈ పని కణాల సాయం లేకుండా నేరుగా చేసేయగలవు. చూడటానికి పెద్ద ఖర్చేం లేదు. ఒక ప్లేట్‌లో కణాలు వేయకుండా ఉత్త మీడియం, ఎక్స్‌ట్రాక్ట్, ఎమ్‌టీటీ కలిపి ఇంక్యుబేటర్‌లో పెట్టాం. బయటికి తీసేసరికి ఎక్కువ డోసు వరస అంతా మురికి ఊదారంగులోకి తిరిగి ఉంది, పక్కనున్న మాల్టోడెక్స్‌ట్రిన్ వరస మాత్రం శుభ్రంగా పసుపుగానే ఉంది. ఒక్క కణం కూడా లేని వెల్ బతికే ఉన్నానని చెబుతోందన్నమాట!

ఆ తర్వాత ఎమ్‌టీటీ పక్కన పెట్టేసి, బతికున్న కణాల్లోని ఏటీపీని వెలుగుతో కొలిచే ఏటీపీ లూమినిసెన్స్, దెబ్బతిన్న కణాల్లోంచి కారే ఎంజైమ్‌ని కొలిచే ఎల్‌డీహెచ్ లీకేజీ రెండూ చూశాం. ఏటీపీ కిట్‌లో ఉండే లూసిఫరేజ్‌ని కూడా కొన్ని మొక్క పదార్థాలు అడ్డుకుంటాయి కాబట్టి, తెలిసిన మోతాదులో ఏటీపీని ఎక్స్‌ట్రాక్ట్‌లో కలిపి సిగ్నల్ తగ్గుతోందేమో కూడా చూడాలి. ఈ లాట్‌లో తగ్గలేదు. కణాలు నిజంగానే బాగానే ఉన్నాయి, అంటే పాత రిపోర్టు ముగింపు ఆ ఒక్క విషయంలో తప్పేం కాదు, దానికి చూపించిన సాక్ష్యమే తప్పు.

కొలత

ఎండోటాక్సిన్ కొలవడానికి ఎప్పటినుంచో ఉన్నది ఎల్‌ఏఎల్ టెస్టు. హార్స్‌షూ పీత రక్తకణాల లైసేట్‌తో చేస్తారు. ఇంజెక్షన్ నీళ్లకి అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, మొక్క ఎక్స్‌ట్రాక్ట్‌కి మాత్రం అడుగడుగునా అడ్డంకులే. క్రోమోజెనిక్ పద్ధతిలో 405 నానోమీటర్ల దగ్గర పసుపురంగు చదవాలి, మన శాంపిలే పసుపు. టానిన్లుంటే ఎంజైమ్‌లను పట్టేసుకుంటాయి, అప్పుడు ఉన్న ఎండోటాక్సిన్ కూడా కనపడదు. దీనికి విరుగుడు స్పైక్ రికవరీ: తెలిసినంత ఎండోటాక్సిన్ శాంపిల్‌లో కలిపి అందులో ఎంత తిరిగి దొరుకుతోందో చూడటం. ఫార్మకోపియాలు 50 నుంచి 200 శాతం మధ్య ఉంటే ఒప్పుకుంటాయి. చిక్కటి ద్రావణంలో మాకు రికవరీ ఆ పరిధిలోకి రాలేదు, పలచన చేస్తూ పోతే దారిలోకి వచ్చింది. పలచన చేయకుండా ఒకే ఒక్క రీడింగ్ తీసి ఎండోటాక్సిన్ లేదు అని ఇచ్చే సర్టిఫికెట్ చూస్తే నాకు టెన్షన్ వస్తుంది.

ఇంకో మెలిక, ఎల్‌ఏఎల్‌లో ఫ్యాక్టర్ జీ అనే రెండో దారి ఉంటుంది, అది బీటా గ్లూకాన్లకి కూడా స్పందిస్తుంది. ఫంగస్ నుంచో మొక్క గోడల నుంచో గ్లూకాన్లు వస్తే ఎండోటాక్సిన్ లేకపోయినా పాజిటివ్ చూపిస్తుంది. ఆ గొడవ తప్పించుకోవడానికి రీకాంబినెంట్ ఫ్యాక్టర్ సీ టెస్టు కూడా పక్కనే నడిపాం, అందులో ఆ రెండో దారి ఉండదు. ఊహించినట్టే అంకె ఎల్‌ఏఎల్ కంటే కిందికి దిగింది, కానీ రా కణాలను లేపడానికి కావలసినదానికంటే ఇంకా చాలా పైనే ఉంది. మాల్టోడెక్స్‌ట్రిన్ బ్లాంక్‌లో దాదాపు ఏమీ లేదు. అంటే వచ్చింది కాండం వైపు నుంచే.

టీఎన్‌ఎఫ్‌లో ఎవరి వాటా ఎంత

ఎండోటాక్సిన్ ఉన్నంత మాత్రాన యాక్టివిటీ అంతా దానిదే అనడం కూడా తొందరపాటే. తిప్పతీగలో ఇమ్యూన్ యాక్టివిటీ ఉన్న అరబినోగాలాక్టాన్ అనే పాలీశాకరైడ్ ఉందని 1999లోనే ప్రచురించారు, కాబట్టి మొక్కకి దక్కాల్సిన న్యాయం మొక్కకి దక్కాలి.

మొదట పాలీమిక్సిన్ బీ. ఇది ఎల్‌పీఎస్‌లోని లిపిడ్ ఏ భాగాన్ని పట్టుకుని పనిచేయకుండా చేస్తుంది. చాలా పేపర్లలో ఎక్స్‌ట్రాక్ట్‌తో పాలీమిక్సిన్ కలిపాం, యాక్టివిటీ తగ్గలేదు, కాబట్టి ఎల్‌పీఎస్ లేదు అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. అంత తేలిక కాదది. ఎల్‌పీఎస్ ఎక్కువుంటే పాలీమిక్సిన్ చాలదు. సీరమ్ ప్రొటీన్లు దాన్ని కొంత తినేస్తాయి. ధనావేశం ఉన్న అణువు కాబట్టి మొక్కలోని ఆమ్ల పాలీశాకరైడ్లకి కూడా అంటుకుంటుంది, అప్పుడు మొక్క యాక్టివిటీని తగ్గించి ఎల్‌పీఎస్ మీదికి తోసేస్తుంది. అందుకని రెండు కంట్రోళ్లు తప్పనిసరి: శాంపిల్‌లో ఉన్నంత శుద్ధ ఎల్‌పీఎస్‌తో పాలీమిక్సిన్ పనిచేస్తోందా, టీఎల్‌ఆర్2 అనే ఇంకో రిసెప్టర్‌ని లేపే పామ్3సీఎస్‌కే4తో కలిపితే సిగ్నల్ తగ్గకుండా ఉందా. రెండూ సరిపోతేనే మధ్యలో ఉన్న శాంపిల్ బార్‌కి విలువ. పాలీమిక్సిన్‌ని ఒంటరిగా నమ్మకుండా టాక్-242 కూడా పెట్టాం. ఇది ఎల్‌పీఎస్‌ని ముట్టుకోదు, టీఎల్‌ఆర్4 లోపలి భాగానికి అంటుకుని సిగ్నల్ ఆపుతుంది, కాబట్టి శాంపిల్‌లో ఏ పాలీశాకరైడ్ ఉన్నా దీనికి సంబంధం లేదు. కాకపోతే ఎల్‌పీఎస్ కాకుండా వేరేదేదైనా టీఎల్‌ఆర్4 ద్వారా వస్తే దాన్నీ ఆపేస్తుంది, అందుకే రెండిటినీ పక్కపక్కన పెట్టి చదవాలి.

రెండిటితోనూ టీఎన్‌ఎఫ్ చాలావరకు పడిపోయింది. పూర్తిగా మాత్రం పోలేదు. కింద ఒక మెట్టు మిగిలింది, అది అందరికీ ఆశ పుట్టించింది, ఇదే అసలు మొక్క యాక్టివిటీ అయ్యుంటుందని. ఏ రిసెప్టర్ లేచిందో సిగ్నల్‌తో చెప్పే రిపోర్టర్ కణాలకి వెళ్లాం. హెచ్ఈకే కణాల్లో ఒక దాంట్లో టీఎల్‌ఆర్4, ఒక దాంట్లో టీఎల్‌ఆర్2, ఒక దాంట్లో ఏదీ పెట్టని ఖాళీ లైన్. టీఎల్‌ఆర్4 లైన్ వెలిగింది, అది తెలిసిందే. టీఎల్‌ఆర్2 లైన్ కూడా వెలిగింది, ఖాళీ లైన్ నిశ్శబ్దంగా ఉంది. టీఎల్‌ఆర్2 అనగానే బ్యాక్టీరియా లైపోప్రొటీన్లు గుర్తుకు రావాలి. శాంపిల్‌ని వాటిని పనిచేయకుండా చేసే లైపోప్రొటీన్ లైపేజ్ ఎంజైమ్‌తో నానబెట్టి మళ్లీ చూస్తే ఆ మిగిలిన మెట్టు కూడా దాదాపు నేలకి దిగింది. ఆ ఎంజైమ్ సీసాలోనే ఎండోటాక్సిన్ ఉండే అవకాశం ఉంది, దాన్ని విడిగా కొలిచాకే వాడాలి. కల్మషం వెతికే పనిముట్టే కల్మషం తెస్తే ఇక అంతే సంగతులు.

అన్నిటికంటే నాకు నచ్చిన ప్రయోగం మాత్రం చాలా మామూలుది. ఫ్యాక్టర్ సీ టెస్టులో శాంపిల్‌కి ఎంత ఎండోటాక్సిన్ వచ్చిందో సరిగ్గా అంతే శుద్ధ ఎల్‌పీఎస్‌ని పక్క వెల్‌లో వేసి, రెండిటికీ డోస్ కర్వ్ తీయడం. పాత రిపోర్టులోలా 10 దగ్గర ఆపకుండా, మైక్రోగ్రాములో వందో వంతు దాకా దిగాం. అక్కడ మెట్లు కనిపించాయి. రెండు కర్వులూ చాలా దూరం ఒకదాని మీద ఒకటి నడిచాయి. ఇలా ఎల్‌పీఎస్ వాటాని లెక్కగట్టడం కూడా ఒకవిధంగా ఉజ్జాయింపే, ఎందుకంటే కిట్ ప్రమాణంగా వాడే ఈ.కోలై ఎల్‌పీఎస్, కాండంలోని బ్యాక్టీరియా ఎల్‌పీఎస్ ఒకే బలంతో ఉండవు. అయినా ఆ బొమ్మ చూశాక టీమ్‌లో వాదన ఆగిపోయింది.

తగ్గించింది అంటే కూడా అదే అనుమానం

మధ్యలో వాళ్లు ఇంకో మాట తెచ్చారు. ఇదే ఎక్స్‌ట్రాక్ట్‌ని ముందురోజు కణాలకి ఇచ్చి, మర్నాడు ఎల్‌పీఎస్ వేస్తే టీఎన్‌ఎఫ్ మామూలు కంటే తక్కువ వచ్చిందట. "చూశారా మేడమ్, అవసరమైతే పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది, అసలైన ఇమ్యునోమాడ్యులేటర్ ఇదే" అన్నారు. వినడానికి ఎంత బాగుందో! కానీ ఇది ఎండోటాక్సిన్ టాలరెన్స్ అనే పాత సంగతి. మాక్రోఫేజ్‌లకి ముందుగా కొంచెం ఎల్‌పీఎస్ రుచి చూపిస్తే, తర్వాత మళ్లీ ఇచ్చినప్పుడు టీఎన్‌ఎఫ్ తక్కువే చేస్తాయి. అంటే ఒకే కల్మషం మొదటిరోజు స్టిమ్యులెంట్‌గానూ, రెండోరోజు యాంటీ ఇన్‌ఫ్లమేటరీగానూ వేషం కడుతుంది. శాంపిల్‌లో ఉన్నంత ఎల్‌పీఎస్‌ని ఒంటరిగా ముందురోజు ఇచ్చి చూశాం, అదే తగ్గుదల వచ్చింది.

వాళ్లే పంపిన ఆల్కహాల్ ఎక్స్‌ట్రాక్ట్‌లో సంగతి వేరు. అందులో ఎండోటాక్సిన్ చాలా తక్కువ, ఎల్‌పీఎస్‌తో కలిపి ఇచ్చినప్పుడు టీఎన్‌ఎఫ్ మాత్రం తగ్గింది. ఇక్కడ అడగాల్సిన ప్రశ్నలు మారతాయి. కణాలు చచ్చిపోయి సైటోకైన్ చేయడం మానేశాయా? ఎక్స్‌ట్రాక్ట్ వెళ్లి ఎల్‌పీఎస్‌నే పట్టేసుకుందా? లేక టీఎన్‌ఎఫ్ తయారయ్యాక దాన్ని పాలీఫినాల్స్ చుట్టేసి ఎలైజా యాంటీబాడీకి అందకుండా చేశాయా? మూడోది చూడటం తేలిక. కణాలు లేని మీడియంలో తెలిసినంత టీఎన్‌ఎఫ్ వేసి, ఎక్స్‌ట్రాక్ట్ కలిపి ఎలైజా చేయడమే. ఎక్కువ డోసుల్లో టీఎన్‌ఎఫ్ మాయమైంది, తక్కువ డోసుల్లో పూర్తిగా దొరికింది. కాబట్టి ఎక్కువ డోసుల డేటా రిపోర్టులో పెట్టలేదు. తక్కువ డోసుల్లో, కణాలను ఎక్స్‌ట్రాక్ట్‌తో ఉంచి, కడిగేసి, ఆ తర్వాతే ఎల్‌పీఎస్ ఇచ్చినా కొంత తగ్గుదల మిగిలింది. ఈ మొత్తం కేసులో ఇది నిజంగా మొక్కదే అని నేను కాస్త ధైర్యంగా చెప్పగలిగింది ఈ చిన్న తగ్గుదల ఒక్కటే, వాళ్లకి మాత్రం అందులో ఏ ఆసక్తీ లేదు.

మనిషి కణాలు, తర్వాత జంతువుల మాట

అసలు అడిగిన పని కూడా చేశాం. దాతల రక్తం నుంచి తీసిన మోనోన్యూక్లియర్ కణాల్లో నీటి ఎక్స్‌ట్రాక్ట్ ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ రెండిటినీ లేపింది, ఒక్కో దాతలో ఒక్కో ఎత్తు, పాలీమిక్సిన్ వేస్తే అందరిలోనూ పడిపోయింది. లింఫోసైట్లు విభజన చెందుతున్నాయా అని చూస్తే పెద్దగా ఏమీ లేదు. వాళ్ల చేతిలో ఎలుక ప్లీహ కణాలు బాగా పెరిగాయన్న డేటా ఉంది, రెండూ ఎందుకు పొసగట్లేదని అడిగారు. ఎలుక బీ కణాలు ఎల్‌పీఎస్ తగిలితే చాలు విపరీతంగా విభజన చెందుతాయి, మనిషి బీ కణాల్లో టీఎల్‌ఆర్4 చాలా తక్కువ కాబట్టి అంత స్పందించవు. ఆ తేడా కూడా మళ్లీ అదే వైపు వేలు చూపిస్తోంది.

జంతువుల స్టడీ ఇప్పుడే వద్దన్నాం. వాళ్ల ప్లాన్‌లో ఎక్స్‌ట్రాక్ట్‌ని ఎలుకల పొట్టలోకి ఇంజెక్షన్‌గా ఇచ్చి, గొర్రె ఎర్రరక్తకణాలకి యాంటీబాడీ టైటర్ పెరుగుతుందా అని చూడాలని ఉంది. పెరుగుతుంది, అందులో అనుమానమే లేదు, ఎందుకంటే ఎల్‌పీఎస్ స్వయంగా మంచి అడ్జువెంట్, అంటే ఇమ్యూన్ స్పందనని పెంచే పదార్థం. దాని విషం తగ్గించి తయారుచేసిన ఎంపీఎల్‌ని హెచ్‌పీవీ వ్యాక్సిన్‌లో అడ్జువెంట్‌గా వాడారు. జనం నోటితో తీసుకోబోయేదాన్ని ఇంజెక్షన్‌గా పరీక్షించి, కల్మషం చేసే పనిని మొక్క ఖాతాలో రాయడానికి ఎలుకలను చంపడం ఎందుకు? చేస్తే నోటి ద్వారా ఇవ్వాలి, ఎండోటాక్సిన్ తీసేసిన రూపం ఒక గ్రూపుకి, తీయనిది ఇంకో గ్రూపుకి, అంతే మోతాదు ఎల్‌పీఎస్ మాత్రమే మూడో గ్రూపుకి ఇవ్వాలి.

భద్రత సంగతి కూడా రిపోర్టులో రాశాం. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడినవాళ్లలో ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ని పోలిన లివర్ దెబ్బ కేసులు ప్రచురించారు, 2022లో భారత్‌లోని పలు ఆస్పత్రుల నుంచి 43 మంది రోగుల వివరాలు వచ్చాయి. వాళ్లు వాడింది క్రిస్పా అయ్యుండొచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. ఎవరిది రైటన్నది నేను తేల్చేది కాదు గానీ, ఇమ్యూన్ సిస్టమ్‌ని లేపుతుంది అని అమ్మాలనుకునేవాళ్లు ఆటోఇమ్యూన్ జబ్బులున్నవాళ్ల సంగతేంటో ముందే ఆలోచించుకోవాలి.

చివరి మీటింగ్‌లో వాళ్ల పెద్దాయన వేసిన ప్రశ్న మాత్రం గట్టిది. "ఎండోఫైట్లు కూడా మొక్కలో భాగమే కదా మేడమ్, తినేటప్పుడు రెండూ కలిసే కదా కడుపులోకి వెళ్తాయి, మరి వాటి పనిని కల్మషం అని ఎందుకు తీసేస్తున్నారు?" నేను దాన్ని కొట్టిపారేయలేదు. లైపోప్రొటీన్లు పేగు గోడలోని ఇమ్యూన్ కణాలతో ఏదో మాట్లాడే అవకాశం లేకపోలేదు. కానీ అలా అనుకుంటే యాక్టివ్ పదార్థం బ్యాక్టీరియాది అవుతుంది, అప్పుడు ప్రమాణీకరించాల్సింది కూడా దాన్నే. వాళ్లు వేర్వేరు సీజన్ల లాట్లు పంపితే చూశాం. హెచ్‌పీఎల్‌సీలో మొక్క మార్కర్లు అన్నిట్లోనూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి, మాక్రోఫేజ్ యాక్టివిటీ మాత్రం లాట్‌కీ లాట్‌కీ ఎక్కడా పొంతన లేదు. వానల్లో కోసి నిదానంగా ఆరబెట్టిన లాట్ అన్నిటికంటే ఎక్కువ లేపింది. మార్కర్ చూసి నాణ్యత నిర్ణయిస్తే ఈ తేడా ఎప్పటికీ పట్టుబడదు.

ప్రస్తుతానికి ఒప్పందం ఇది: ఇకమీదట ప్రతి లాట్‌కీ ఫ్యాక్టర్ సీ టెస్టు, స్పైక్ రికవరీతో సహా, దాంతోపాటు పెప్టిడోగ్లైకాన్ లాంటివి తప్పించుకోకుండా, మనిషి రక్తకణాల్లో సైటోకైన్ చూసే మోనోసైట్ యాక్టివేషన్ టెస్టు. పాత రిపోర్టులోని బార్ గ్రాఫ్‌ని బ్రోషర్‌లో వాడకూడదని రాసిచ్చాం. టిష్యూ కల్చర్‌లో పెంచిన తిప్పతీగ మొక్కలతో అదే నీటి ఎక్స్‌ట్రాక్ట్ చేయించి పంపుతామన్నారు. అందులోనూ కొన్ని ఎండోఫైట్లు దాక్కుని ఉండొచ్చు, అయినా పొలంలో పెరిగినదానితో పోల్చడానికి అంతకంటే మంచి శాంపిల్ మాకు తోచలేదు.